మా ఠాగూర్ మామ, జోరాసాంకో ఇల్లు

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. పేరు ఠాగూర్. స్కూలు సర్టిఫికెట్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ అని పూర్తిగా ఉండేది కానీ, ఇంట్లో, వీధిలో అందరికీ ఠాగూరే. మా అవ్వకు నోరు తిరగక చివరిదాకా "టాగూరు" అనే పిలిచింది.

మామ 1941 ఆగస్టులో పుట్టాడు. అదే నెల 7వ తేదీన కలకత్తాలో రవీంద్రుడు కన్నుమూశాడు. మా తాత మదనపల్లె దగ్గర ఒక పల్లెలో అయివారు. పేపర్లో ఆ వార్త చూసి రోజంతా అన్నం ముట్టలేదట. బిడ్డకు అంతకుముందే అనుకున్న పేరు పక్కన పెట్టి, ఉయ్యాల దగ్గరకొచ్చి "వీడు ఠాగూర్" అన్నాడట. మా తాతకు ఆ మనిషి మీద అంత ప్రేమ ఉండటానికి కారణముంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్ళు ఉన్నాడు. జనగణమన పాడి వినిపించింది అక్కడే. దాన్ని తనే ఇంగ్లీషులోకి మార్చి రాసిందీ అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరం రాసిపెట్టింది. అప్పటికి మా తాతకు పదకొండేళ్ళు. "గోడెక్కి చూసినాను రా. పొడుగంగీ, గడ్డం. దేవుడు నడిచినట్టే నడిచినాడు" అని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

అందుకే నాకు చిన్నప్పుడు ఠాగూర్ అంటే వాల్మీకి, వ్యాసుడు లాంటి పేరు. ఋషి పేరు. అదొక ఇంటిపేరనీ, ఆ ఇంటిలో కవుల కంటే ముందు వ్యాపారులున్నారనీ నాకు తెలీదు. మా తాతకూ తెలీదు.

మామకు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. 1986 వేసవి సెలవుల్లో నన్ను మొదటిసారి అక్కడికి పంపారు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. మద్రాసు నుంచి హౌరా మెయిల్లో వెళ్ళి దిగితే ఆ ప్లాట్‌ఫారం ఎంత నడిచినా అయిపోలేదు. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పొడవైనదని మామ గొప్పగా చెప్పాడు. బయటికొస్తే అంతా తెలుగే. రిక్షావాడు తెలుగు, గోల్‌బజార్‌లో కూరగాయలమ్మే ఆమె తెలుగు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి మనవాళ్ళు అక్కడ తరాలుగా ఉన్నారు. బెంగాల్లో ఉన్నామన్న సంగతి నాకు మర్నాడు పొద్దున్నే తెలిసింది. గేటు దగ్గర సైకిల్ బెల్లు. "ఠాకుర్‌బాబూ! మాఛ్!" అని ఒక గొంతు. చేపలతను. సైకిల్ వెనక అల్యూమినియం డేకిసా, అందులో నీళ్ళు, నీళ్ళలో ఇంకా కదులుతున్న చేపలు. మా అత్త గిన్నె తీసుకుని పరిగెత్తింది.

"ఠాకుర్ ఏంది మామా, నీ పేరు ఠాగూర్ గదా?" అన్నాను.

"ఇక్కడ అట్లనే అంటార్రా" అన్నాడు మామ. ఆయనకూ అంతకుమించి తెలీదు.

ఆ ఆదివారం నన్ను కలకత్తా తీసుకెళ్ళాడు. లోకల్ రైల్లో హౌరా దాకా వెళ్ళి, వంతెన మీద నడిచి హుగ్లీ దాటాం. బడాబజార్ జనంలోంచి చిత్పూర్ రోడ్డుకొచ్చాం. ఇప్పుడు దాని పేరు రవీంద్ర సరణి. ఇరుకైన రోడ్డు, మధ్యలో ట్రాము, రెండు పక్కలా సితార్లు, హార్మోనియంలు బాగుచేసే కొట్లు, పాలరాతి దుకాణాలు. ద్వారకానాథ్ ఠాగూర్ లేన్ అని ఒక సందు. ఆ సందులోకి తిరిగితే హఠాత్తుగా జోరాసాంకో ఇల్లు, రవీంద్రుడు పుట్టిన ఇల్లు. ఎర్రరంగు మేడ, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, మధ్యలో పెద్ద ముంగిలి. మామ చెప్పులు విడిచేశాడు. గుడి కాదని ఎవరో చెబుతున్నా వినలేదు.

ఆఫీసు గదిలో సందర్శకుల పుస్తకం ఉంది. మామ పేరు రాసి సంతకం పెట్టాడు. అక్కడ కూర్చున్న పెద్దాయన, తెల్ల ధోతీ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఆ సంతకం చూసి లేచి నిలబడ్డాడు. బెంగాలీలో గబగబా ఏదో అడిగాడు. మామకు వర్క్‌షాపు బెంగాలీ వచ్చు. నా వైపు తిరిగి, "ఏ ఇంటి ఠాకుర్ అని అడుగుతున్నాడు రా. పాథురియాఘాటా వాళ్ళా, జోరాసాంకో వాళ్ళా అని" అన్నాడు. మామ చేతులు జోడించి, తను తెలుగువాడననీ, ఇది ఇంటిపేరు కాదు, నాన్న పెట్టిన పేరనీ చెప్పాడు. ఆ పెద్దాయన ఎంతసేపు మామ మొహం వైపు చూశాడో నాకింకా గుర్తుంది. నవ్వలేదు. కుర్చీ లాగి కూర్చోబెట్టి, మట్టి చిప్పల్లో టీ తెప్పించాడు. తర్వాత గంటసేపు ఆయన చెప్పిందే నాకీ కథలో మొదటి పాఠం. మిగతాది తర్వాత ఏళ్ళ తరబడి దొరికిందల్లా చదివి కూడబెట్టుకున్నాను.

రవీంద్రుడి వంశంవాళ్ళ అసలు ఇంటిపేరు కుశారి. బర్ధమాన్ జిల్లాలో కుశ అనే ఊరి పేరు మీద వచ్చింది. అది వినగానే నాకు మనవాళ్ళు గుర్తొచ్చారు. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ళే కదా. మా ఇంటిపేరు కూడా ఒక ఊరే. ఆ ఊరెక్కడో మా తాతకు కూడా తెలీదు. పేరు మాత్రం మోస్తున్నాం. కుశారివాళ్ళూ అంతే. ఊరు వదిలి జెస్సోర్, ఖుల్నా వైపు వెళ్ళి స్థిరపడ్డారు. ఖుల్నా దగ్గర పిఠాభోగ్ వాళ్ళ ఊరు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది.

అక్కడ వాళ్ళకు పిరాలీ బ్రాహ్మలన్న ముద్ర పడింది. దానికో కథ చెబుతారు. పీర్ అలీ అనే అధికారి దగ్గర కొలువు చేసే ఇద్దరు బ్రాహ్మణ అన్నదమ్ములు ఒకరోజు ఆయనతో పరాచికానికి దిగారు. రోజా రోజుల్లో ఆయన పండు వాసన చూస్తుంటే, మా శాస్త్రం ప్రకారం వాసన చూస్తే సగం తిన్నట్టే, మీ ఉపవాసం పోయిందన్నారు. ఆఘ్రాణం అర్ధభోజనం అని మన దగ్గరా అంటారుగా, అదే మాట. ఆయన అప్పటికి ఊరుకుని, మరోరోజు వాళ్ళను పిలిచి పక్కనే మాంసం వండించాడు. వాసన తగిలింది. కులం పోయింది. వాళ్ళతో వియ్యమందిన వాళ్ళకూ పోయింది. కుశారి ఇంటి పిల్లవాడొకడు ఆ ఇంట్లో పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి కుశారివాళ్ళకూ పోయింది. ఆ ముద్ర ఎంత గట్టిదంటే, నాలుగు వందల ఏళ్ళ తర్వాత రవీంద్రుడికి కూడా పిల్లను అదే పిరాలీ ఇళ్ళలోంచి, ఖుల్నా వైపు దక్షిణడిహి నుంచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

నేననుకునేది ఏమిటంటే, ఆ వెలివేతే వాళ్ళను వ్యాపారంలోకి నెట్టింది. పౌరోహిత్యానికి పిలిచేవాళ్ళు లేరు. పోగొట్టుకునే కులమూ మిగల్లేదు. అందుకే 17వ శతాబ్దం చివర్లో పంచానన్ కుశారి అనే మనిషి ధైర్యంగా ఊరొదిలి హుగ్లీ ఒడ్డున గోవిందపూర్ చేరాడు. అప్పటికి కలకత్తా అంటే మూడు పల్లెలు, కొన్ని ఓడలు. గోవిందపూర్‌లో చుట్టుపక్కలంతా జాలర్లు. విదేశీ ఓడలకు కావలసిన సరుకులు సప్లై చేయడం పంచానన్ పని. ఆ జాలర్ల పేటలో బ్రాహ్మడన్నవాడు అతనొక్కడే. బెంగాలీలో ఠాకుర్ అంటే దేవుడు. బ్రాహ్మణ్ణి కూడా గౌరవంగా అలాగే పిలుస్తారు. పండక్కి దుర్గమ్మ విగ్రహాలు చూడ్డానికి వెళుతూ "ఠాకుర్ చూడ్డానికి వెళ్తున్నాం" అంటారు. ఇంట్లో వంట చేసే బ్రాహ్మడూ ఠాకురే, తాతయ్యా ఠాకుర్‌దాయే. జాలర్లు అతన్ని "ఠాకుర్ మొశాయ్" అన్నారు. ఓడ కెప్టెన్లకు కుశారి అనే పేరు చెప్పినవాళ్ళు లేరు. జాలర్ల నోట విన్నదాన్నే వాళ్ళ స్పెల్లింగులో రాసుకున్నారు. సొంత కులంవాళ్ళు వెలేసిన ఇంటికి, అలా వేరేవాళ్ళు ఇంటిపేరు పెట్టారు.

ఇక్కడ ఆ పెద్దాయన ఒక కాగితం తీసి పక్కపక్కన రెండు రాశాడు. బెంగాలీలో ఠాకుర్, ఇంగ్లీషులో ట్యాగోర్ అని పలికేలా ఇంకోటి. తెలుగులో ఎలా రాస్తారో రాయమని మామను అడిగాడు. మామ రాశాడు. చదివి వినిపించమన్నాడు. విని, తల ఊపి, "మొదటి అక్షరం మాది, చివరిది ఇంగ్లీషువాడిది. మీరు రెండూ కలుపుకున్నారు" అన్నాడు. ఠా బెంగాలీది, గూర్ ఇంగ్లీషుది. నేను ఆ మాట రాసిన ప్రతిసారీ ఇప్పటికీ ఆయన వేలు ఆ కాగితం మీద కదిలినట్టే ఉంటుంది.

పంచానన్ కొడుకు జయరాం అమీను, అంటే భూముల కొలతలు చూసే ఉద్యోగి. ప్లాసీ యుద్ధం తర్వాత కొత్త ఫోర్ట్ విలియం కట్టడానికి ఇంగ్లీషువాళ్ళు గోవిందపూర్ భూములు తీసుకున్నారు. కుటుంబం పాథురియాఘాటాకు మారింది. జయరాం కొడుకులు నీలమణి, దర్పనారాయణ్. ఒరిస్సాలో కలెక్టరు కచేరీలో పనిచేసి నీలమణి ఇంటికి డబ్బు పంపేవాడు, తమ్ముడు ఇక్కడ వ్యవహారాలు చూసేవాడు. చివరికి అన్నిళ్ళలో జరిగేదే అక్కడా జరిగింది, లెక్కల దగ్గర మాట తేడా వచ్చింది. 1784లో నీలమణి ఇంటి దేవుడు లక్ష్మీజనార్దన సాలగ్రామాన్ని, లక్ష రూపాయలను పట్టుకుని పెళ్ళాం బిడ్డలతో బయటికి నడిచాడు. వైష్ణవదాస్ సేఠ్ అనే వర్తకుడు ఆయనకు స్థలమిచ్చాడు. అదే ఈ జోరాసాంకో. జోడు వంతెనలని అర్థం. దర్పనారాయణ్ వంశం పాథురియాఘాటాలోనే ఉండిపోయి ఇంకా పెద్ద ధనవంతులైంది. "ఏ ఇంటి ఠాకుర్" అన్న ప్రశ్న ఆ రోజు నుంచే మొదలు.

నీలమణి మనవడు ద్వారకానాథ్. 1794లో పుట్టాడు, పెదనాన్న రామలోచన్‌కు దత్తు వెళ్ళాడు. నాకు ఈ కుటుంబంలో రవీంద్రుడి తర్వాత ఎక్కువ ఆలోచింపజేసిన మనిషి ఇతనే. ఈస్టిండియా కంపెనీవారి ఉప్పు శాఖలో షిరస్తదారుగా, అంటే కచేరీ పెద్ద గుమాస్తాగా మొదలై, కస్టమ్స్, ఉప్పు, నల్లమందు బోర్డుకు దివాను అయ్యాడు. 1829లో యూనియన్ బ్యాంకు పెట్టడంలో ముందున్నాడు. 1834లో ఉద్యోగం వదిలేసి విలియం కార్‌తో కలిసి కార్, ఠాగూర్ అండ్ కంపెనీ పెట్టాడు. తెల్లవాళ్ళ కింద బనియాగా, అంటే దళారీగా కాకుండా, వాళ్ళతో సమానంగా భాగస్తుడిగా కూర్చోవడం ఆ రోజుల్లో ఎంత పెద్ద సంగతో! నీలిమందు, పట్టు, చక్కెర. 1836లో రాణీగంజ్ బొగ్గుగనిని 70,000 రూపాయలకు కొన్నాడు. హుగ్లీలో ఓడలను లాగే ఆవిరి టగ్గుల కంపెనీ నడిపాడు. చైనాకు నల్లమందు మోసిన ఓడల్లోనూ ఆయనకు వాటా ఉంది. ఇది దాచకూడదు. ఆ డబ్బులో నీలి రైతుల చెమటా, నల్లమందు మత్తూ ఉన్నాయి. అదే చేత్తో మెడికల్ కాలేజీ విద్యార్థులు ఇద్దరిని తన ఖర్చుతో లండన్‌లో చదివించాడు. సతీసహగమనం రద్దుకోసం రామ్‌మోహన్ రాయ్ పక్కన నిలబడ్డాడు. బ్రిస్టల్‌లో ఆ స్నేహితుడికి సమాధి మందిరమూ కట్టించాడు.

ఇంట్లో మాత్రం ఆయనకు దారి మూసుకుపోయింది. భార్య దిగంబరీ దేవి నిష్ఠ గల మనిషి. భర్త బెల్గాఛియా తోటబంగళాలో తెల్లవాళ్ళతో కూర్చుని మద్యం, మాంసం పుచ్చుకుంటున్నాడని తెలిసి పండితులను అడిగింది. భర్తకు సేవ చేయవచ్చు, కలిసి ఉండటం తగదన్నారు వాళ్ళు. అప్పటి నుంచి ఆస్తి వ్యవహారాల కోసం ఎప్పుడైనా ఆయనతో మాట్లాడాల్సి వస్తే, మాట్లాడిన ప్రతిసారీ స్నానం చేసేదట, వేళ ఏదైనా సరే. ఆ పెద్దాయన మేడ పక్కన వేరే భాగం వైపు చెయ్యి చూపిస్తూ ఆ సంగతి చెబుతుంటే, ఆ ముంగిలి ఎంత వెడల్పో నాకప్పుడు తెలిసింది. 1839లో ఆమె పోయింది. వాసన తగిలి కులం పోయిన ఇంటి కోడలు ఆమె.

1842లో ద్వారకానాథ్ తన సొంత స్టీమరు 'ఇండియా'లో విలాయతు బయల్దేరాడు. విక్టోరియా రాణి దర్శనమిచ్చింది. అక్కడివాళ్ళు ప్రిన్స్ అన్నారు. 1845లో మళ్ళీ వెళ్ళాడు. 1846 ఆగస్టు 1న లండన్‌లో పోయాడు. చిన్నకొడుకు నగేంద్రనాథ్ దగ్గరున్నాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో పూడ్చారు. గంగ ఒడ్డున చితి లేదు.

నేను పాతికేళ్ళు బ్యాంకులో పనిచేశాను. అందుకే తర్వాతి భాగం చదివినప్పుడు కడుపులో తిప్పినట్టయింది. యూనియన్ బ్యాంకు డబ్బంతా నీలిమందు కంపెనీల దగ్గర ఇరుక్కుపోయింది. అప్పులు తీసుకున్న కంపెనీల్లో చాలావాటి యజమానులే బ్యాంకు డైరెక్టర్లు. 1847లో లండన్‌లో సంక్షోభం వచ్చి నీలిమందు ధర పడిపోయింది. ఆ చలికాలంలోనే బ్యాంకు, 1848 జనవరిలో కార్, ఠాగూర్ కంపెనీ మూతబడ్డాయి. ద్వారకానాథ్ పెద్దకొడుకు, రవీంద్రుడి తండ్రి దేవేంద్రనాథ్ తన ఆత్మకథలో లెక్క రాసుకున్నాడు. చెల్లించాల్సింది కోటి, రావాల్సింది 70 లక్షలు.

దేవేంద్రనాథ్‌కు అప్పటికే మనసు వేరే దారిలో ఉంది. నాయనమ్మ గంగ ఒడ్డున చివరి ఊపిరితో ఉన్న రాత్రుల్లో వైరాగ్యం తగిలింది. తర్వాత ఒకరోజు గాలికి కొట్టుకొచ్చిన సంస్కృత కాగితం ఒకటి కంటబడింది. అప్పుడాయన యూనియన్ బ్యాంకులోనే ఖజానా పని చూస్తున్నాడు. ఆ కాగితంలో ఏముందో చెప్పమని పురమాయించి, పనికి వెళ్ళిపోయాడు గానీ, మనసు నిలవక తొందరగా ఇంటికొచ్చేశాడు. అది ఈశావాస్యోపనిషత్తు మొదటి శ్లోకం. ఎవరి ధనాన్నీ ఆశించకు అని చెప్పే శ్లోకం. నగదు పెట్టె ముందు కూర్చునే మనిషికి ఆ పేజీ దొరకడం గురించి నేను ఎన్ని రాత్రులు తలుచుకున్నానో.

అప్పులవాళ్ళ సమావేశంలో, ట్రస్టు కింద ఉన్న ఆస్తిని ముట్టుకునే హక్కు వాళ్ళకు లేదని తెలిసీ, దాన్ని కూడా తీసుకోండన్నాడు. ఆ మాటకు వచ్చినవాళ్ళు కరిగిపోయి, వ్యవహారం ఆయన చేతికే మళ్ళీ అప్పగించారు. ఏళ్ళు పట్టింది, తీర్చాడు. తండ్రి ధర్మసంస్థకు ఇస్తానని మాటిచ్చిన లక్ష రూపాయలనూ వడ్డీతో సహా కట్టాడు. చట్టప్రకారం ఎవరూ అడగలేని బాకీ అది. ఇంట్లో గుర్రబ్బళ్ళు, నౌకర్లు, విందులు తగ్గిపోయాయి. 1861లో ఆ ఇంట్లో పుట్టిన రవీంద్రుడికి పదేళ్ళు దాటేవరకు మేజోళ్ళు కూడా లేవు.

వ్యాపారం పిచ్చి మాత్రం ఆ రక్తంలో ఇంకా మిగిలే ఉంది. రవీంద్రుడి అన్న జ్యోతిరింద్రనాథ్ పియానో వాయించేవాడు, నాటకాలు రాసేవాడు. 1884లో స్టీమరు సర్వీసు పెట్టాడు. మొదటి పడవ పేరు సరోజిని. ఖుల్నా, బరిసాల్ మధ్య ఇంగ్లీషు కంపెనీతో పోటీ. ప్రయాణికులను లాగడానికి టిక్కెట్టు తీసేశారు, పైగా మిఠాయి పెట్టారు. జనం దేశభక్తి పాటలు పాడుతూ ఎక్కారు. ఆయన నష్టం రోజుకింత పెరిగింది. చివరికి పడవల్లో ఒకటి, దాని పేరు స్వదేశి, హౌరా వంతెనకు గుద్దుకుని మునిగిపోయింది. నీళ్ళ మీద తేలే పాత పంటూను వంతెన అది, ఇప్పటిది కాదు. సాయంత్రం తిరిగి వెళ్ళేటప్పుడు మామ హౌరా వంతెన మధ్యలో ఆగిపోయాడు. కమ్మీ పట్టుకుని చాలాసేపు కిందికి చూశాడు. "మిఠాయి పెట్టి పంపినాడంట రా" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు. నాకప్పుడు అర్థం కాలేదు.

ఖరగ్‌పూర్ చేరాక మామ మా తాతకు ఉత్తరం రాశాడు. నాలుగు పేజీలు. పేరు గురించి విన్నదంతా. తాత జవాబు కార్డు మీద వచ్చింది. "నాకు తెలియక పెట్టినా మంచి పేరే పెట్టినాను. నువ్వు బాకీ ఎవరికీ ఉంచొద్దు" అని రెండు వరుసలు. ఆ కార్డు మామ దేవుడి పటాల వెనక ఉండేది.

మామ రిటైరయ్యాక కూడా మదనపల్లె రాలేదు. అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. 2014లో పోయాడు. సంవత్సరీకానికి నేను వెళ్ళాను. ముందురోజు పొద్దున్నే, ఇంకా చీకటి పూర్తిగా పోలేదు, గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. "ఠాకుర్‌బాబూ! మాఛ్!"

లేచి కిటికీలోంచి చూశాను. పాతాయన కాదు, ఆయన కొడుకు. డేకిసా మాత్రం అదే, అంచు సొట్టబోయి ఉంది. "మామ లేడని తెలీదా అత్తా?" అన్నాను.

"తెలీకేం, శ్మశానానికి కూడా వచ్చినాడు" అంది అత్త. "ఈ ఇంటిని వాళ్ళు అట్లనే పిలుస్తారు." గిన్నె తీసుకుని, కొంగు సర్దుకుంటూ గేటు వైపు నడిచింది.